పడమటికి తిరిగి చూసే ఉదయం

హంపీలో సూర్యోదయం చూడాలంటే మతంగ పర్వతం ఎక్కమని అందరూ చెబుతారు. నిజమే గానీ అది సగం మాట. ఎక్కినవాళ్లలో చాలామంది తూర్పుకు తిరిగి, ఫోన్లు చేతబట్టుకుని, సూర్యబింబం బండల మీదుగా పైకి లేచేదాకా కాచుకుని కూర్చుంటారు. బింబం లేచాక ఫొటోలు తీసుకుని దిగడం మొదలుపెడతారు. సూర్యుడు మన ఊళ్లో డాబా ఎక్కినా కనిపిస్తాడు. ఆ తొలివెలుగు పడమటి దిక్కున విరూపాక్షుడి గోపురం మీద, దాని ముందున్న రథవీధి మీద, ఏటి ఒడ్డున, అచ్యుతరాయల గుడి ప్రాకారాల మీద ఏ వరసలో పడుతుందో, పడుతూ పడుతూ ఒక మహానగరాన్ని ఎలా మళ్లీ నిలబెడుతుందో చూడాలంటే మాత్రం ఈ కొండే ఎక్కాలి. ఎక్కి, సూర్యుడికి వీపు పెట్టి కూర్చోవాలి.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ప్రయాణం దానంతటదే కుదురుతుంది. ఏ నెలలో వెళ్లాలి, ఏ తిథి చూసుకోవాలి, ఎటునుంచి ఎక్కాలి, ఎటు దిగాలి అన్నీ అందులోంచే తేలతాయి.

కొండ పెద్దదేం కాదు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లకు ఇది లెక్కలోకే రాదు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు అరగంటలో కొస చేరతారు, నిలిచి నిలిచి ఎక్కేవాళ్లకు ముప్పావుగంట. కాకపోతే ఆ అరగంటా నిటారే. కొన్నిచోట్ల మెట్లు మోకాలెత్తు, కొన్నిచోట్ల మెట్లే ఉండవు, బండను అరచేత్తో ఆనుకుని పైకి జరగాలి. హంపీ శిథిలాల నడుమ దీనికంటే ఎత్తైన చోటు లేదు. ఉత్తరాన తుంగభద్ర, పడమట విరూపాక్షాలయం, ఈశాన్యాన విఠలాలయం, దక్షిణాన రాజప్రాసాదాలుండిన ప్రాంతం. నాలుగు దిక్కులా నాలుగు హంపీలు ఉన్నాయి, నాలుగింటికీ నడుమ ఇది నిలబడి ఉంది.

వెళ్లదలచుకుంటే నవంబరు నుంచి జనవరి లోపల వెళ్లండి. వానలు వెనకబట్టి ఉంటాయి, కాలువల కింద వరి, అరటి, చెరకు పచ్చగా ఉంటాయి, ఏటి మీద పొద్దున్నే మంచు పరుచుకుంటుంది. వేసవిలో ఆ నల్లరాతి గుట్టలు పగలు తాగిన ఎండను రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. తెల్లవారేసరికి గాలి కూడా వెచ్చగా తగిలే చోట మనసు దేనిమీదా నిలవదు. చలికాలంలో ఇంకో మేలుంది. పొద్దు ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తుంది కాబట్టి వెలుగు గుడుల మీద సూటిగా కాక ఓరగా పడుతుంది. శిల్పానికి ఓరవెలుగే కావాలి.

తిథి కూడా చూసుకోమన్నది ఉత్త ముచ్చట కోసం చెప్పిన మాట కాదు. మార్గశిర పున్నమో పుష్య పున్నమో కుదిరితే, ఆ రాత్రి వెళ్లిన తెల్లవారి కొండెక్కండి. మొదటి లాభం దారికి వెన్నెల తోడుండడం. రెండోది అసలైన లాభం. పున్నమి మరునాటి ఉదయం సూర్యుడు తూర్పున పొడిచే వేళకు చంద్రుడు ఇంకా పడమట ఉంటాడు. చలికాలపు పున్నమి చంద్రుడు కాస్త వాయవ్యానికి ఒరిగి అస్తమిస్తాడు. ఈ కొండ మీద నుంచి చూస్తే విరూపాక్ష గోపురం, ఏరు ఉండేదీ దాదాపు ఆ దిక్కే. వీపు మీద సూర్యుడు, ముఖం ఎదుట గోపురం, గోపురం పక్కగా పాలిపోయిన నిండు చంద్రుడు. పంచాంగం చూసుకుని వెళ్లినవాడికి దక్కే కానుక ఇది.

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది. ఐదున్నరకు కొండ మొదట్లో ఉంటే చాలు. బస హంపీ ఊళ్లోనో కమలాపురంలోనో దొరికితే హాయి. హొసపేటలో అయితే 13 కిలోమీటర్లు రావాలి కాబట్టి ముందురాత్రే ఆటో మాట్లాడుకోండి. గుంతకల్లు మీదుగా వచ్చే రైళ్లు హొసపేటలో ఆగుతాయి. కర్నూలు, అనంతపురం వాళ్లకు రోడ్డు దారే సులువు. టార్చిలైటు, నీళ్లసీసా, పట్టున్న చెప్పులో బూట్లో ఉండాలి. చీకట్లో ఒంటరిగా మాత్రం ఎక్కకండి. ఈ గుట్టల దారుల్లో యాత్రికులను దోచుకున్న సంఘటనలు గతంలో జరిగాయి. చుట్టుపక్కల చిరుతలు తిరుగుతాయి, దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం కూడా దగ్గరే. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ ఎక్కడం మంచిది.

ముందురోజు సాయంత్రం చేయవలసిన పని ఒకటుంది. దీన్ని మానుకుంటే మర్నాటి దృశ్యంలో సగం అర్థం కాదు. రాజప్రాసాదాల ప్రాంతంలో హజార రామాలయానికి వెళ్లండి. గోడల మీద వరసలు వరసలుగా చెక్కిన రామాయణం చూశాక, బయటికి వచ్చి ఉత్తరం వైపు తలెత్తండి. సూటిగా ఎదుట మతంగ పర్వతం ఉంటుంది. 1980ల నుంచి ఏళ్లతరబడి ఇక్కడ కొలతలు తీసి పటాలు గీసిన జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ అనే పండితులు చూపించిన సంగతి ఇది. ఈ రామాలయం మతంగ శిఖరానికి ఉత్తర దక్షిణ రేఖ మీద కుదిరి ఉంది. ఈశాన్యాన కనిపించేది మాల్యవంతం, వానాకాలం నాలుగు నెలలూ రాముడు ఆగిన కొండగా ఇక్కడివాళ్లు కొలిచేది. రాజు నివాసం, సభ, వీధులు, కోట వాకిళ్లు అన్నీ ఈ రామాలయం చుట్టూ అమర్చారు. అంటే నగరాన్ని దిద్దినవాళ్లు మొదట కొండను చూసుకుని, దానికి ఎదురుగా గుడిని నిలిపి, ఆ గుడి చుట్టూ రాజధానిని అల్లారు. ముగ్గులో మొదటి చుక్కలాంటిది ఆ కొండ కొస. రేపు పొద్దున మీరు కూర్చోబోయేది ఆ చుక్క మీద.

ఇక ఎక్కడం. విరూపాక్షాలయం ఎదుటి వీధి తూర్పుగా సాగి సాగి ఒక పెద్ద ఏకశిలా నంది దగ్గర ఆగుతుంది. ఎదురు బసవన్న అంటారు. స్వామికి ఎదురుగా, ముప్పావు కిలోమీటరు దూరాన కూర్చుని ఉంటాడు. చీకట్లో ఎక్కడానికి ఈ వైపు మేలు. అచ్యుతరాయల గుడి వైపు నుంచి కూడా పాతకాలపు రాతిమెట్లు ఉన్నాయి గానీ అవి పగిలి, పొదలు కమ్మి ఉన్నాయి. వాటిని వెలుతురులో దిగడానికి ఉంచుకోండి. కమలాపురం రోడ్డు వైపు నుంచి వచ్చే దారి ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చీకట్లో దాన్ని పట్టుకోవడం కష్టం.

సగం దూరం ఎక్కాక తూర్పు తెలుపెక్కుతుంది. అప్పుడు టార్చి ఆపేసి, చేతికి తగులుతున్న రాతిని చూడండి. బండ అంచున వరసగా గుంటలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ రెండు మూడు వేళ్లు దూరేంత, అంచులు తీరుగా తెగిన దీర్ఘచతురస్రం. గుంటకూ గుంటకూ మధ్య ఎడం ఇంచుమించు ఒకటే. దారం పట్టి కొట్టినట్టు వరస ఎక్కడా వంకర పోదు. రాతిపనివాళ్లు ఈ గుంటల్లో చీలలు బిగించి, దెబ్బ మీద దెబ్బ సమంగా వేసుకుంటూ పోయి, కొండంత బండను పెళ్లున రెండుగా చీల్చేవారు. చీలిన ముఖం మీద సగం సగం గుంటలు పళ్ల వరసలా మిగిలిపోతాయి. హంపీలో గుడి పునాదుల్లో, మండపాల స్తంభాల అంచుల్లో, కాలువ గట్టుల్లో ఇదే పళ్లవరస కనిపిస్తుంది. గుంటలు కొట్టి, చీల్చకుండా వదిలేసిన బండలు కూడా గుట్టల నిండా ఉన్నాయి. వాటి ముందు నిలబడితే నాకు కాలం మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. ఉలి పట్టిన చెయ్యి ఏ కొలత అనుకుందో, ఎక్కడ గీత పెట్టిందో ఇంకా అక్కడే ఉంది. వేలు పెట్టి చూస్తే లోపలి గరుకు తగులుతుంది.

ఈ బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న ఆ గుండ్లను చూసి అగ్నిపర్వతమో భూకంపమో విసిరేసిందనుకునేవాళ్లు ఉన్నారు. ఎవరూ విసరలేదు, ఎవరూ పేర్చలేదు. భూగర్భంలో చల్లారి గట్టిపడిన నల్లరాతి గుట్టలో అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. నీరు మూలలను ముందు తింటుంది. ఎందుకంటే మూలకు రెండు మూడు వైపుల నుంచి అది అందుతుంది. పలకలుగా ఉన్నవి మూలలరిగి గుండ్లయ్యాయి. నడుమ పొడి అయిన మట్టి వానలకు కొట్టుకుపోయి, గుండ్లు ఎక్కడివక్కడ ఒకదాని మీద ఒకటి మిగిలాయి. రామాయణం తెలిసినవాడికి మాత్రం ఈ గుట్టలు చూడగానే వానరులు ఆడుకుంటూ విసురుకున్న రాళ్లే గుర్తొస్తాయి. నాకు రెండూ కావాలి. నీరు అరగదీసిన రాయి అని తెలిసినంత మాత్రాన వానరసేన పారిపోలేదు. రాతి మీద లంగూరు కొండముచ్చులు ఇప్పటికీ వరసగా కూర్చుని మనల్ని పరీక్షగా చూస్తూ ఉంటాయి.

ఈ కొండ కథ మనందరికీ చిన్నప్పుడు విన్నదే. దున్నపోతు రూపంలో వచ్చిన దుందుభిని వాలి చంపి, ఆ కళేబరాన్ని ఎత్తి ఆమడ దూరం విసిరాడు. నెత్తుటి చుక్కలు మతంగ మహర్షి ఆశ్రమంలో పడ్డాయి. ముని ఆగ్రహించాడు, ఈ వనంలో అడుగుపెడితే వాలికి చావే అన్నాడు. ఆ శాపం సుగ్రీవుడికి కోట అయింది. అన్న బలం చేరలేని చోటు లోకంలో ఇదొక్కటే అని తెలిసి వచ్చి ఇక్కడ తలదాచుకున్నాడు. శబరి ఈ మతంగుడి శిష్యురాలే. ఎత్తు అనేది ఇక్కడ మొదటి నుంచీ అభయం. పై నుంచి చూస్తూ కూర్చున్న సుగ్రీవుడికే కదా, విల్లమ్ములతో వస్తున్న ఇద్దరు అన్నదమ్ములు దూరం నుంచి కనిపించింది! కిష్కింధాకాండ అంతా ఒక కొండ మీది చూపుతో మొదలైందంటే తప్పు లేదు.

కొసన వీరభద్రుడి గుడి ఉంది. చిన్నది, పొట్టిది, బండల మధ్య ఒదిగింది. దాని పైకప్పు ఎక్కి కూర్చునేవాళ్లు కనిపిస్తారు. మీరు ఎక్కకండి, పక్కన బండలు కావలసినన్ని ఉన్నాయి.

కూర్చున్నాక చూపుకు ఒక వరస ఉంది.

మొదట పడమర. ఇంకా వీధిలో చీకటే ఉంటుంది. కొండ నీడ ఆ వైపే పడుతుంది కాబట్టి కింద వెలుగు రావడం ఆలస్యం. కానీ విరూపాక్షుడి తూర్పు గోపురం ఎత్తు దాదాపు 50 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. కింది భాగం రాయి, పైదంతా ఇటుకా గారా. వెలుగు మొట్టమొదట దాని కలశాలను తాకుతుంది. తరవాత ఒక్కొక్క అంతస్తే కిందికి దిగుతుంది. నిజంగా దిగుతుంది, కళ్లెదుట, తొందర లేకుండా. బూడిదరంగులో ఉన్న గోపురం పై నుంచి కిందికి మీగడరంగులోకి, ఆ పైన లేత పసుపులోకి మారుతుంది. ప్రతి అంతస్తులో బొమ్మలకు ఓరగా నీడలు మొలుస్తాయి. అప్పటిదాకా ఒక్క ముద్దలా ఉన్నది వందల బొమ్మలుగా విడిపోతుంది. గోపురం మొత్తం వెలిగాక కూడా దాని పాదం దగ్గర వీధి నీలంగానే ఉంటుంది. ఆ కాసేపు చూడండి. నేలతో పనిలేకుండా గాలిలో ఒక గోపురం నిలబడి ఉంటుంది. హంపీ మొత్తంలో నాకు అతి ప్రియమైన సమయం అదే.

ఆ వీధిలో రెండు వైపులా ఉన్న రాతి మండపాల్లో 2011 దాకా కుటుంబాలు కాపురాలుండేవి, కొట్లు నడిచేవి. ఆ ఏడాది ఖాళీ చేయించారు. పై నుంచి చూస్తే వీధి తీర్చినట్టు శుభ్రంగా ఉంటుంది. పొయ్యి పొగ లేని వీధి అది.

తరవాత చూపును కుడికి, నిట్టనిలువుగా కిందికి దింపండి. అచ్యుతరాయల గుడి. అచ్యుతదేవరాయల కాలంలో, 1534లో, తిరువెంగళనాథుడి కోసం కట్టింది. మన తిరుపతి వెంకన్నే. ఏ గుడినైనా మనం వాకిట్లోంచి చూస్తాం. ముందు గోపురం, తరవాత ప్రాకారం, ఆ పైన మండపం, చివరికి గర్భగుడి. ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతుంది. ఈ కొండ మీద నుంచి గుడి మొత్తం ఒక్కసారిగా, స్థపతి మనసులో ఉన్నట్టుగా, కనిపిస్తుంది. ఒక ప్రాకారంలో ఇంకో ప్రాకారం, రెండింటికీ ఉత్తరాన వాకిళ్లు, లోపల మండపాలు, అన్నింటికీ నడుమ గర్భాలయం. గుడి వాకిట్లోంచి బయల్దేరి ఒక విశాలమైన వీధి ఏటి వైపు సాగిపోతుంది, పక్కన కోనేరు. ఇదంతా గీసిన పటంలా ఉంటుంది గానీ పటంలో ఉండనిది ఒకటి ఇక్కడుంది. నీడ.

మధ్యాహ్నం ఇదే కొండ ఎక్కితే చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. గోడ ఏదో నేల ఏదో తెలియకుండా అంతా ఒకే తెలుపు. పొద్దున పూట నీడ కుంచెపని చేస్తుంది. సూర్యుడు దిగంతానికి అంటుకుని ఉన్నప్పుడు అడుగెత్తు పునాది రాయికి కూడా రెండు మూడు బారల నీడ పడుతుంది. గడ్డిలో కలిసిపోయిన గోడల ఆనవాళ్లు, కూలిన మండపాల అంచులు, పూడిన వాకిళ్లు ఒక్కసారిగా గీతలై లేస్తాయి. ఒక పావుగంట సేపు నగరం అంతా రేఖల్లో కనిపిస్తుంది. పొద్దు జానెడెక్కాక ఆ గీతలు చెరిగిపోతాయి. ఉదయం ఈ కొండ ఎక్కమనడంలోని మర్మం ఈ పావుగంట.

శిథిల నగరమనగానే కరుణరసమని అనడం మనకు అలవాటు. కొడాలి సుబ్బారావు ‘హంపీక్షేత్రము’ చదివి పెరిగిన తరాలకు ఆ దుఃఖం సొంత ఇంటి దుఃఖమైంది. 1565 జనవరి యుద్ధం తరవాత ఈ నగరానికి జరిగినదాన్ని తలుచుకుంటే కన్నీళ్లు రావడం న్యాయమే. కింద వీధుల్లో నడుస్తున్నంతసేపూ నాదీ అదే స్థితి. మొండి గోపురం, తలలేని విగ్రహం, కప్పు కూలిన మండపం. కాలు పెట్టిన ప్రతిచోటా విరిగిందే కనిపిస్తుంది. కొండ మీదికి వచ్చేసరికి విరగనిది ఒకటి కళ్లబడుతుంది. అది అమరిక. గుడికి వీధి ఎదురుగా ఉండడం, వీధి ఏటిని చేరడం, ఏటి నుంచి కాలువ చేలకు పోవడం, రాముడి గుడి నుంచి గీసిన గీత కొండ కొసకు రావడం. గుర్రాలూ ఏనుగులూ గునపాలూ నిప్పూ వీటిలో దేన్నీ చెరపలేకపోయాయి. రాతిని పగలగొట్టవచ్చు, రెండు రాళ్ల మధ్య ఉన్న ఎడాన్ని ఎవరు పగలగొడతారు?

అందుకే ఈ దృశ్యంలో అంగిరసం అద్భుతమే అంటాను. భరతముని అద్భుతానికి విస్మయం స్థాయి అన్నాడు. ఇక్కడ ఆలంబనం ఆ అమరిక, ఉద్దీపనం ఓరవెలుగు. కరుణ ఎక్కడికీ పోదు, అద్భుతానికి అంగమై ఒదిగి ఉంటుంది. పొయ్యి పొగ లేని ఆ వీధి దగ్గర చూపు ఆగినప్పుడల్లా గొంతులో తగులుతుంది. తగలాలి కూడా. కరుణ లేని అద్భుతం ఇక్కడ ఉత్త వినోదమైపోతుంది. అద్భుతం లేని కరుణ మాత్రం ఈ నగరం కట్టినవాళ్లకు అన్యాయం. వాళ్లు మన జాలి కోసం కట్టలేదు.

కృష్ణరాయల రోజుల్లో, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా నగరం చూడడానికి ఒక కొండే ఎక్కాడు. కొండ పేరు రాయలేదు. కొండల వరసలు అడ్డం రావడంతో నగరమంతా కనిపించలేదనీ, కనిపించినంత మేరకే అది రోమంత ఉందనీ రాశాడు. అతన్ని ఆకట్టుకున్నవి ఇళ్ల మధ్యనున్న తోపులు, వాటి నడుమ పారే నీళ్లు, చెరువులు. రాబర్ట్ సూయల్ 1900లో ఆ రాతను ఇంగ్లీషులో వెలువరించాక లోకానికి తెలిసింది. నీళ్ల సంగతి దగ్గర పేస్ చూసినదాన్ని మనం ఇప్పటికీ చూడవచ్చు. ఆనాటి తుర్తు కాలువ ఇంకా పారుతోంది, వరికీ అరటికీ నీళ్లు పెడుతోంది. రాజులు పోయారు, కాలువ పని మానలేదు.

ఆ పచ్చదనాన్ని చూస్తున్నప్పుడు కృష్ణరాయల ‘ఆముక్తమాల్యద’ గుర్తుకు రాకుండా ఉండదు. శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో ఒక తెల్లవారుజాము ఉంది. వరిచేల కాలువలో బాతులు రెక్కల్లో తలలు దూర్చుకుని నిద్రపోతుంటాయి. కావలివాళ్లు వాటిని చూసి, ఉషఃస్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరిచిపోయిన బట్టల మూటలనుకుని, తీసి ఇళ్లకు చేరుద్దామని రేవులోకి దిగుతారు. బాతులు చటుక్కున లేచి పరుగెడతాయి. చేను కాసే పడుచులు పకపకా నవ్వుతారు. ఊరు పాండ్యదేశానిదే. కానీ బాతు నిద్రపోయే తీరు, మంచులో తెల్లని ముద్ద బట్టలా భ్రమ గొలిపే తీరు ఒక రాజు ఎక్కడ చూసి ఉంటాడు? ఈ కాలువ గట్ల మీద, ఇలాంటి ఉదయాల్లో చూశాడని నమ్మడం నాకు ఇష్టం. కళింగం దాకా కత్తి తిప్పినవాడి కంటికి నిద్రపోయే బాతు కూడా ఆనింది.

ఆయన సభలోని పెద్దన కొండ ఎక్కడం గురించి తెలుగులో అందరికంటే పెద్ద కథ చెప్పాడు. మనుచరిత్ర ప్రవరుడికి హిమాలయం చూడాలని తపన. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు రాసుకున్నాడు, క్షణంలో మంచుకొండ మీద ఉన్నాడు. చూడవలసినవి కళ్లారా చూశాడు. ఇంటికి పోదామనేసరికి మంచుకు పసరు కరిగిపోయి ఉంది. దారి నడిచి వచ్చినవాడైతే తిరుగుదారి కాళ్లకు తెలిసేది. నిటారు మెట్ల మీద ఆయాసపడుతున్నప్పుడు ప్రవరుణ్ణి తలుచుకుంటే నాకు ఆ ఆయాసం ఇష్టంగా మారుతుంది. గుండె చప్పుడు చెవుల్లో వినిపించేలా ఎక్కి, ఊపిరి నెమ్మదించేదాకా కూర్చున్నవాడి చూపు వేరు. రోప్‌వేలో వచ్చినవాడికి ఈ కొండ ఇంత ఇస్తుందనుకోను.

ఇక మిగిలిన దిక్కులు త్వరగా చూడవచ్చు. నైరుతిగా కృష్ణాలయం. ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కృష్ణరాయలు కట్టించాడు, శాసనం 1515 నాటిది. మన నెల్లూరు సీమకూ ఈ రాళ్లకూ ఉన్న లంకె అది. ఏటి అవతల తెల్లటి మెట్లతో కనిపించేది అంజనాద్రి, హనుమంతుడు పుట్టిన చోటని ఇక్కడివారి నమ్మకం. దక్షిణాన నిన్న సాయంత్రం మీరు నిలబడిన రామాలయం వైపు చూడండి. చెట్ల మధ్య గుడి దొరక్కపోయినా దిక్కు తెలుస్తుంది, నిన్నటి గీతకు రెండో కొస ఇవాళ మీ కాళ్ల కింద ఉంది.

ఎనిమిదికల్లా దిగడం మొదలుపెట్టండి. ఇప్పుడు అచ్యుతరాయల గుడి వైపు మెట్లు పట్టండి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే మోకాళ్లకు పని ఎక్కువ, కొన్ని మెట్లు కదులుతాయి, ఒకరి వెనక ఒకరు నిదానంగా దిగాలి. పైనుంచి గీతల్లో చూసిన గుడి మెట్టు మెట్టుకూ ఎత్తు తెచ్చుకుంటుంది. గీత గోడవుతుంది, చుక్క స్తంభమవుతుంది. కిందికి వచ్చేసరికి గోపురం తలెత్తి చూడవలసినంత అయి ఉంటుంది. లోపల కల్యాణమండపం స్తంభాల మీద యాళులు లేచి ఉంటాయి. గర్భగుడిలో మూర్తి లేడు. అక్కడ కాసేపు నిలబడి, ఉత్తరపు వాకిట్లోంచి ఆ విశాలమైన వీధిలోకి నడవండి. కోనేరు దాటాక ఏరు వస్తుంది. ఏటి ఒడ్డునే పడమటికి తిరిగితే చక్రతీర్థం దగ్గర కోదండరాముడి గుడి, పుట్టి నడిపేవాళ్లు, అక్కడి నుంచి మళ్లీ హంపీ వీధి.

ఆకలి దంచేస్తూ ఉంటుంది. బొరుగులను తాలింపు వేసి, వేరుసెనగ గుళ్లు, పసుపు, నిమ్మరసం కలిపి ఇక్కడ ఒగ్గరణె అంటారు, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. కర్నూలు, అనంతపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు, అది మన ఉగ్గాణే.

తిన్నాక విరూపాక్షాలయంలో దర్శనం చేసుకుని, గర్భగుడి వెనక ఉన్న చీకటి గదిలోకి వెళ్లండి. గోడలో ఒక సన్నని రంధ్రం ఉంది. దాని గుండా పొద్దున మీరు చూసిన ఆ గోపురమే ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కెమెరా అన్న మాట పుట్టకముందు కట్టిన గోడ అది. పొద్దున్నే వెలుగు గోపురాన్ని ఎలా దిద్దిందో చూసి వచ్చినవారికి ఇక్కడ కాలు కదలదు.

సాయంత్రానికి ఓపిక మిగిలితే, గుడి పక్కనే ఉన్న హేమకూటం ఎక్కండి. ఎక్కడమనే మాట కూడా ఎక్కువే, పది నిమిషాల నడక. అందరూ సూర్యాస్తమయం కోసం పడమటికి తిరిగి ఉంటారు. మీరు తూర్పుకు తిరగండి. పడమటి ఎండ మతంగ పర్వతం ముఖం మీద నిండుగా పడి, ఒక్కొక్క గుండు విడివిడిగా కనిపిస్తుంది. చీకట్లో ఎక్కిన దారి ఏ బండ దగ్గర మలుపు తిరిగిందో, ఎక్కడ చేతులతో పట్టుకుని ఎక్కారో, వీరభద్రుడి గుడి ఎక్కడుందో పక్కవాళ్లకు వేలు పెట్టి చూపించవచ్చు.